మరియం పువ్వు విచ్చని క్రిస్మస్

చర్చి మైకుల్లో ఒకటి సరిగ్గా మా ఇంటివైపే తిరిగి ఉండేది. డిసెంబరు వచ్చిందంటే చాలు, సాయంత్రం కాగానే పిల్లల పాటల సాధన మొదలయ్యేది. మధ్యలో ఎవరో "హలో, హలో, మైక్ టెస్టింగ్" అనేవారు, మళ్ళీ అదే పాట మొదటి నుంచి ఎత్తుకునేవారు. కాశీబుగ్గలో మా వీధి చిన్నది. మాకూ చర్చికీ మధ్య నాలుగిళ్ళు, ఒక జీడిపిక్కల బట్టీ. ఒకవైపు ఆ బట్టీ పొగ, ఇంకోవైపు ఈ పాటలు. నెలలు నిండుతున్న కడుపుతో నేను వాకిట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వాకిట్లోకి కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని.

"కూకోయే. నువ్వు తిరిగితే లోపల బిడ్డ తిరుగుతాదేటి?" అనేది మా అత్త.

బిడ్డ తిరగలేదన్న సంగతి అప్పటికి మాలో ఎవరికీ తెలియదు.

అత్తకీ నాకూ పడేది కాదు. పెద్ద గొడవలేమీ లేవు, అలాగని రోజూ లేకపోనూ లేదు. కూరలో ఉప్పు దగ్గర ఒక మాట, చీర కొంగు దగ్గర ఒక మాట. మా ఆయన బజారులో దర్జీ కొట్టు నడిపేవాడు. ఆ ఏడాది రంజాను నెల డిసెంబరులో పడింది. క్రిస్మస్ గౌన్లూ, తెల్ల చీరల మీదకి జాకెట్లూ, వాటి వెనకే మా పండగ కుర్తాలూ. మనిషి ఇంటికి తిండికీ నిద్రకీ వచ్చేవాడు, రెండూ సగం సగమే. కాబట్టి పగలంతా అత్తా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ ఉండేవాళ్ళం. తుఫాను వచ్చి ఏడాది దాటినా పెరట్లో తల తెగిన కొబ్బరి మొద్దు అలాగే నిలబడి ఉంది. నాకు చూడ్డానికి మూడో వస్తువు అదే.

నా భయం చెప్పాలి. అంతకు ముందు కాన్పులో నా బిడ్డ ఊపిరి తీసుకోలేదు. నా పుట్టిల్లు టెక్కలి, కానీ మా అమ్మ నా పెళ్ళికి ముందే పోయింది, పురుడు పోసే పుట్టిల్లు నాకు లేదు. మొదటి కాన్పూ అత్త చేతి మీదే జరిగింది. అప్పుడు ఆవిడ ఒక్క కన్నీటి చుక్క కూడా రాల్చలేదు. ఇల్లు కడిగింది, బట్టలు ఉతికింది, నాకు వేన్నీళ్ళు పోసింది, మాట మాత్రం మాట్లాడలేదు. ఆవిడకి కావలసింది మనవడు, నేను వాడు వచ్చే దారిని మాత్రమే అని అప్పుడే నా మనసులో పడిపోయింది. ఈసారి నాకేదన్నా అయితే ఈ ఇంట్లో నా కోసం ఏడ్చేవాళ్ళు లేరన్నది నా భయం. చావు భయం కన్నా అదే ఎక్కువ తినేసేది.

నాకున్న తోడల్లా మూడో ఇంటి అప్ప. మా వైపు అక్కని అప్ప అంటారు. ఆవిడ నాకేమీ కాదు, క్రైస్తవులు. జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు కొట్టే పని. జీడి నూనె తగిలి తగిలి వేళ్ళన్నీ నల్లగా పొరలెక్కిపోయి ఉండేవి. క్రిస్మస్ నాడు తెల్ల చీర కట్టుకుని ఆ చేతుల్ని కొంగులో దాచుకునేది. మొహం నిండా నవ్వు, నోటి నిండా మాటలు. మా అత్తని పిన్నీ అని పిలిచేది. నన్ను పిల్లా అనేది, కోపం వస్తే ఒసేయ్ అనేది.

ప్రతి క్రిస్మస్‌కీ అప్ప మాకు పళ్ళెం తెచ్చేది. అరిసెలు, కజ్జికాయలు, ఒక మూల కేకు ముక్కలు. మాంసం మాత్రం పెట్టేది కాదు. మావాళ్ళు కోసింది కాకపోతే మేం తినమని ఆవిడకి తెలుసు. అత్త ఆ పళ్ళాన్ని రెండు చేతులా అందుకునేది. అరిసెలు తినేది. కేకు దగ్గరకొచ్చేసరికి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది.

"సారా కలుపుతారంట గదే ఇందులో."

"ఓలమ్మా, పిన్నీ! బేకరీలో కొన్నదమ్మా అది. సారా పోత్తే మా ఆయన మీ దాకా రానిత్తాడేటి, దారిలోనే తినీడూ!"

రంజాను డిసెంబరులోకి వచ్చిన ఆ మూడేళ్ళూ అప్ప పద్ధతి మార్చింది. మేం ఒక్కపొద్దులుంటాం కదా, పగలు పళ్ళెం పట్టుకొస్తే బాగోదని, పొద్దుగూకి మసీదులో మగ్రిబు అజాను అయ్యాకే మా గడప తొక్కేది. పళ్ళెం సంగతి అలా ఉంచి, పగటిపూట అసలు మా ఇంటివైపే వచ్చేది కాదు. "ఎండిపోన నోళ్ళతో ఉంతారు, నాను ఎల్లి కబుర్లు సెప్పడమేటి," అనేది. ఇంత మర్యాద మనుషులకి మంచిది కాదని నొప్పులొచ్చిన రోజు నాకు తెలిసొచ్చింది.

మాకూ ఆ పండగకీ ఉన్న సంబంధం గురించి నాకెప్పుడూ ఒక తికమక ఉండేది. అత్తని ఒకసారి అడిగాను, ఈసా నబీ, అదే వాళ్ళ యేసు, మనకీ ప్రవక్తే కదా, మరియమ్మ మనకీ తల్లే కదా, మరి మనం క్రిస్మస్ ఎందుకు చెయ్యం అని.

"పుట్నరోజులు మనం ఎవులికీ సెయ్యం. నీకెవులైనా సేసినారేటి?"

"మరి నబీ పుట్టినరోజని మీలాదు చేస్తాం కదా?"

"నోర్ముయ్యి." తనే మళ్ళీ అంది. "ఆళ్ళు ఆయన్ని దేవుడి కొడుకంతారు. మనం అల్లాకి కొడుకులు లేరంతాం. తేడా అక్కడే. మరియమ్మ దగ్గిర తేడా లేదు."

కానీ ఉంది. అది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. చర్చి నాటకంలో మరియమ్మ పక్కన భర్త ఉంటాడు, గొర్రెల కాపరులుంటారు, ఒంటెల మీద పెద్దవాళ్ళు వస్తారు, పైన నక్షత్రం. జాతరంత జనం. మావాళ్ళు చెప్పే కథలో ఆవిడ ఊరొదిలి ఒక్కతే వెళ్ళిపోతుంది. నొప్పులు వస్తే ఒక ఖర్జూరపు చెట్టు మొదలు పట్టుకుంటుంది. ఇంతకు ముందే చచ్చిపోయి ఉంటే ఎంత బాగుండేది అని ఏడుస్తుంది. అంత పెద్ద మనిషీ ఆ మాట అనేసింది. దేవుడు చెట్టుని ఊపమంటాడు, పండ్లు రాల్తాయి, కాళ్ళ దగ్గర నీళ్ళు ఊరతాయి. ఆ పండ్లూ నీళ్ళూ నాకు గుర్తుండేవి కావు. చెట్టు పట్టుకుని ఒక్కతీ ఏడవడమే గుర్తుండేది.

ఆ కథకి సంబంధించిన వస్తువు ఒకటి మా ఇంట్లో ఉండేది. అత్త పెద్దన్న హజ్‌కి వెళ్ళినప్పుడు మరియం పువ్వు తెచ్చి ఇచ్చాడు. పువ్వు అంటాం గానీ అది ఎండిపోయిన చిన్న ముళ్ళకంప. పిడికిలి బిగించినట్టు లోపలికి ముడుచుకుని ఉంటుంది. నొప్పులు మొదలవగానే దాన్ని నీళ్ళలో వెయ్యాలి. తడిసిన కొద్దీ ఒక్కో వేలూ విప్పినట్టు విచ్చుకుంటుంది. అది పూర్తిగా విచ్చుకునేసరికి బిడ్డ బయట పడుతుందని మావాళ్ళ నమ్మకం. ఆ నీళ్ళు కాస్త తల్లికి తాగిస్తారు. మావాళ్ళ నమ్మకమే కాదు, వీధి మొత్తానిది. హిందువుల ఇళ్ళకీ వెళ్ళేది, క్రైస్తవుల ఇళ్ళకీ వెళ్ళేది. అప్ప పిల్లలందరూ దాని మీదే పుట్టారు. పని అయిపోయాక ఎండబెట్టి తిరిగి ఇస్తే, అత్త గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేది. మసీదు మౌల్వీగారు ఒకసారి, ఇలాంటివి మన మతంలో లేవు, ఎవరో కల్పించినవి అన్నారు. అత్త తల వంచుకుని వింది, ఇంటికొచ్చి పెట్టెకి తాళం కప్ప కొత్తది వేసింది.

ఆ ఏడాది క్రిస్మస్ ముందు రాత్రే మాకు రంజాను నెలలో పెద్ద రాత్రి పడింది. వాళ్ళు చర్చిలో, మావాళ్ళు నమాజులో. వీధిలో ఎవరూ నిద్రపోలేదు. తెల్లవారుజామున ఒక్కపొద్దుకి ముందు సహరీ తిన్నాక మా ఆయన పండగ గుడ్డ కోసం బరంపురం బండెక్కాడు. నేను వద్దంటే, ఇంకా పది రోజులుంది కదా నీకు అన్నాడు. మగవాళ్ళకి లెక్కలంటే ఎంత నమ్మకమో.

ఎండెక్కాక నొప్పి మొదలైంది. అత్తతో చెప్పాను. ఆవిడ పెట్టె తీసింది, తెల్ల పింగాణీ గిన్నెలో కుండ నీళ్ళు పోసి, బిస్మిల్లా అని పువ్వు వేసింది. నా మంచం పక్కనే స్టూలు మీద పెట్టింది.

"ఇది సూత్తా ఉండు. ఇది ఇచ్చుకునేదాకా గాభరా పడకు."

చూస్తూ ఉన్నాను. అంతకన్నా శిక్ష ఇంకొకటి లేదు. అవతల మైకులో పండగ ఆరాధన మొదలైంది. తబలా, డోలకు, చప్పట్లు. పువ్వు ఒకవైపు కాస్త కదిలినట్టు అనిపించింది. నొప్పి వచ్చినప్పుడు కళ్ళు మూసుకునేదాన్ని, పోగానే గిన్నెలోకి చూసేదాన్ని. అలాగే ఉండేది. లేచి తిరిగేదాన్ని. మళ్ళీ వచ్చి చూసేదాన్ని. కదల్లేదు.

"అత్తా, నొప్పి దగ్గర దగ్గరగా వస్తోంది."

"పువ్వు ఇచ్చుకోలేదు గదే. ఇయి తప్పుడు నొప్పులు. ఇంకా శానా టైముంది. కాత్త జావ తాగు."

ఆవిడ ఒక్కపొద్దు మీద ఉండి కూడా నాకు జావ కాచి తెచ్చింది. నేను గ్లాసు పక్కన పెట్టేశాను. రాత్రంతా నమాజులో నిలబడిన మనిషి, జపమాల తిప్పుతూ గోడకి ఆనుకుంది. పెదాలు ఆడుతూ ఆడుతూ ఆగిపోయాయి. కూర్చున్నచోటే నిద్రపోయింది.

ఆవిడని తిట్టుకోలేదంటే అబద్ధం. కానీ నేనూ అదే గిన్నె వైపు చూస్తున్నాను కదా. టెక్కలిలో ఇంటర్ చదివినదాన్ని, నొప్పులు వస్తే ఆసుపత్రికి వెళ్ళాలని తెలిసినదాన్ని, ఎండు కంప విచ్చుకోలేదని మంచం మీద కూర్చున్నాను. ఎందుకంటే ఆ పువ్వు ఎప్పుడూ తప్పలేదు. వీధిలో అందరికీ విచ్చుకుంది. చలికాలం కుండ నీళ్ళలో అది తొందరగా విచ్చదని, వేడి నీళ్ళలో వేస్తే ఎవరికైనా విచ్చుకుంటుందని, ఎన్నోసార్లు తడిసీ ఎండీ దాని వేళ్ళు సగం విరిగిపోయి ఉన్నాయని మాకెవరూ చెప్పలేదు.

అప్ప వస్తే బాగుండును అనుకున్నాను. వస్తే ఏం జరుగుతోందో ఒక్క చూపులో తెలుసుకునేది. కానీ అప్ప రాదు. మగ్రిబు అజాను దాకా ఆవిడ రాదు. మా ఒక్కపొద్దులకి ఆవిడ ఇచ్చే గౌరవం అది.

ఇంకో నొప్పి వచ్చింది. ఈసారి అది నడుములోంచి కాళ్ళలోకి దిగింది, కాళ్ళ కింద తడి తగిలింది. అత్తని పిలవలేదు. పిలిస్తే మళ్ళీ గిన్నె చూడమంటుంది. చీర సర్దుకుని, తల మీద కొంగు కప్పుకుని, వీధిలోకి నడిచాను.

నాలుగిళ్ళు. బట్టీ ఆ రోజు మూసి ఉంది. వీధిలో ఒక్క మనిషి లేడు, సగం మంది చర్చిలో, మిగతావాళ్ళు రాత్రంతా మేలుకుని ఇళ్ళలో నిద్రలో. రెండో ఇంటి దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డాను. గుమ్మాలకి కట్టిన రంగు కాగితపు నక్షత్రాలు గాలికి తిరుగుతున్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. వాటిమీద ఎందుకు మండిందో ఇప్పటికీ చెప్పలేను.

చర్చి లోపలికి నేను అంతకు ముందెప్పుడూ అడుగు పెట్టలేదు. ముందర టెంటు వేశారు. టెంటు కింద చాపల మీద ఆడవాళ్ళు, అందరూ తెల్ల చీరలే. మైకులో పాస్టరుగారి ప్రసంగం. పక్కన ఎండుగడ్డితో, జీడి కొమ్మలతో పశువుల పాక కట్టి బొమ్మలు పెట్టారు. మరియమ్మ అక్కడుంది. నీలం ముసుగు మీద ఒక్క ముడత లేదు. జుట్టు చెదరలేదు, మొహం మీద చెమట లేదు, మోకాళ్ళ మీద చక్కగా కూర్చుని చేతులు జోడించి నవ్వుతోంది. అప్పుడే బిడ్డని కన్న మనిషి! ఈ బొమ్మ చేసినవాడు తప్పకుండా మగాడే అయ్యుంటాడు అనుకున్నాను. ఆ నొప్పిలో నాకు నిజంగా నవ్వొచ్చింది. ఆ వెంటనే నొప్పి వచ్చింది. టెంటు గుంజని రెండు చేతులా పట్టేసుకున్నాను. ఆ క్షణాన మా మరియమ్మ అన్న మాట నేనూ అన్నాను. కావాలని కాదు, నోట్లోంచి వచ్చేసింది. ఇంతకు ముందే చచ్చిపోయినా బాగుండేది.

తర్వాత గట్టిగా "అప్పా!" అని అరిచాను.

ప్రసంగం ఆగిపోయింది. తెల్ల చీరలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. అందులోంచి ఒక చీర లేచి పరిగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో! ఏటే పిల్లా, ఇలగొచ్చినావేటి? నొప్పులా? ఎప్పుటినుంచి? పిన్ని ఏదీ? ఒసేయ్, కబురెట్టొద్దేటే!"

"పువ్వు విచ్చలేదు," అన్నాను. అంతమందిలో నేను చెప్పగలిగింది అదే.

అప్ప వెనకే ఇంకొక ఆవిడ వచ్చింది. తీరం ఊళ్ళవైపు ఆరోగ్య కేంద్రంలో నర్సు, అక్కుపల్లి దాకా తిరిగి కాన్పులు చేసే మనిషి, పండగని ఇంటికి వచ్చింది. నన్ను అక్కడే చాప మీద పడుకోబెట్టారు. ఆడవాళ్ళు చుట్టూ చీర కొంగులు పట్టి మరుగు చేశారు. ఆవిడ పొట్ట మీద చెయ్యి వేసి నొక్కి చూసింది, మళ్ళీ చూసింది. ఆవిడ మొహంలో పండగ పోయింది.

"తల పైనుంది. ఎదురుకాళ్ళు. ఇక్కడ సెయ్యకూడదు. ఊళ్ళో డాక్టరమ్మ లేరు, పుట్టింటికెల్లారు. టెక్కలి పెద్దాసుపత్రికి బేగి తీసుకెళ్ళండి. నేనూ వత్తాను."

అప్పుడే గేటు దగ్గర అత్త కనపడింది. నిద్రలోంచి లేచి, మంచం ఖాళీగా ఉండడం చూసి, నేల మీద తడి చూసి వచ్చేసింది. తల మీద కొంగు లేదు. ఇరవయ్యేళ్ళుగా ఆ గేటు ముందు నుంచి నడిచిందే తప్ప లోపలికి తల తిప్పి చూడని మనిషి. చర్చి ముందర అందరూ విప్పిన చెప్పుల కుప్ప దాటుకుని, తన చెప్పులతోనే చాపల మీదుగా నడిచి వచ్చింది. అందరూ పక్కకి జరిగి దారిచ్చారు.

"పువ్వు..." అంది.

"పువ్వు గంగలో కలవనీ పిన్నీ, జీపెక్కు!" అంది అప్ప.

జీపంటే చర్చివాళ్ళు ఇంటింటికీ పాటలు పాడుతూ తిరగడానికి అద్దెకి తెచ్చింది. ముందు అద్దానికి పైన పెద్ద నక్షత్రం, చుట్టూ సీరియల్ బల్బులు, పక్కల దూది అతికించి ఉంది. డ్రైవరు క్రిస్మస్ తాత వేషంలో ఉన్నాడు. పిల్లలకి చాక్లెట్లు పంచే వేళకి సిద్ధమై కూర్చున్నాడు పాపం. దూది గడ్డం మెడ కిందకి లాక్కుని, ఎర్ర టోపీ తీసేయడం మర్చిపోయి బండి తీశాడు.

కాశీబుగ్గ నుంచి టెక్కలికి ఆ రోడ్డు నాకు బాగా తెలుసు. పెళ్ళయ్యాక పుట్టింటికీ అత్తింటికీ మధ్య ఎన్నోసార్లు బస్సులో తిరిగిన రోడ్డు. అది అంత పొడుగని నాకెప్పుడూ తెలియదు. లారీలు, గుంతలు, మళ్ళీ లారీలు. ఒకవైపు అప్ప నా తల ఒళ్ళో పెట్టుకుని గట్టిగా "యేసయ్యా, యేసయ్యా, ఈ పిల్లని కాపాడు తండ్రీ" అని ప్రార్థన. ఇంకోవైపు అత్త నా కాళ్ళు పట్టుకుని అంతకంటే గట్టిగా దువా. గుంత వచ్చినప్పుడల్లా ఇద్దరి గొంతులూ ఒకేసారి పైకి లేచేవి. ఒకరితో ఒకరికి పోటీ అన్నట్టు.

"ఇద్దరూ నోళ్ళు ముయ్యండి!" అని అరిచాను.

నర్సు ఫక్కున నవ్వింది. వాళ్ళిద్దరూ నిజంగానే మూసుకున్నారు. కాసేపటికి పెదాలు మళ్ళీ ఆడాయి గానీ శబ్దం రాలేదు. క్రిస్మస్ తాత మాత్రం హారను మీంచి చెయ్యి తియ్యలేదు. దారిలో ఊళ్ళలో పిల్లలు మా జీపు చూసి కేకలేస్తూ వెంటపడ్డారు, చాక్లెట్లు విసురుతామనుకుని.

ఆసుపత్రిలో స్ట్రెచరు మీద తీసుకుపోతుంటే వెనక్కి తిరిగి చూశాను. అప్ప చెయ్యి ఊపుతోంది. అత్త నా వైపు చూడలేదు. గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. ఆ వీపు చూసి, నేను అనుకున్నదే నిజం అనుకున్నాను. బిడ్డ సంగతే ఆవిడ బెంగ, నాది కాదు. అదే మనసులో పెట్టుకుని లోపలికి వెళ్ళాను. తర్వాత మత్తు మందు ఇచ్చారు.

లేచేసరికి పక్కన పాప ఉంది. ఏడుస్తోంది. ఆ ఏడుపు వినడానికి నేను ఎంతకాలం ఎదురుచూశానో, విన్నాక మాత్రం ఊరుకోబెట్టండి అనాలనిపించింది. అత్త పాపని ఒళ్ళో పెట్టుకుని చెవిలో అజాను చెబుతోంది. పుట్టిన బిడ్డ చెవిలో మగవాళ్ళు చెప్పాలి దాన్ని. మా ఆయన ఇంకా బరంపురం నుంచి రాలేదు. వచ్చేదాకా ఆగలేదు ఆవిడ. నన్ను చూసి, "జావ తాగమంతే తాగినావు కావు," అంది. అంతే. ఆ మాటకి నేను మొహం అటు తిప్పేసుకున్నాను.

అప్ప ఆ ఏడాది పండగ భోజనం చెయ్యలేదు. వండినదంతా ఇంట్లో చల్లారిపోయింది. క్రిస్మస్ తాత ఎర్ర బట్టల్లోనే ఆసుపత్రి బయట బల్ల మీద నిద్రపోయాడట. వీధిలో అందరూ మా పాపని క్రిస్మస్ పిల్ల అన్నారు. అత్త ఒప్పుకునేది కాదు. "పెద్ద రాత్రి తెల్లారి పుట్టిన పిల్ల," అనేది. పాస్టరుగారు ఒకసారి ఈ కథ మైకులో చెబుతానన్నారు, సత్రంలో చోటు దొరకని తల్లి అంటూ ఏదో పోల్చబోయారు. వద్దన్నాను. నాకు చోటు దొరికింది, చాపతో సహా. దొరకనిది డాక్టరు.

తర్వాత రంజాను ఏటా పదేసి రోజులు ముందుకి జరుగుతూ జరుగుతూ డిసెంబరుని వదిలేసి వెళ్ళిపోయింది. అప్ప మళ్ళీ పగలే పళ్ళెం తేవడం మొదలుపెట్టింది. అత్తా నేనూ మళ్ళీ ఉప్పు దగ్గరికీ కొంగు దగ్గరికీ వచ్చేశాం. ఆవిడకి జబ్బు చేసినప్పుడు నేనే చేశాను, అప్పుడు కూడా మా మధ్య మంచి మాట ఒక్కటీ నడవలేదు. మందు వేడిగా ఉందని తిట్టింది, చల్లగా ఉందని తిట్టింది. ఒక వర్షాకాలంలో పోయింది.

ఆ ఏడాది క్రిస్మస్‌కి అప్ప పళ్ళెం పట్టుకుని వచ్చి, మా మెట్టు మీద కూర్చుంది. కేకు వాసన చూసేవాళ్ళు లేరు.  అప్పే మొదలుపెట్టింది.

"పిల్లా, మీ అత్త ఉన్నంతకాలం సెప్పొద్దంది. ఇప్పుడు సెప్పీవచ్చు గావాల."

"ఏంటది?"

"ఆ రోజు టెక్కలిలో. నిన్ను లోపలికి తీసుకెల్లిపోనారు. పొద్దు గూకినాది. మసీదులో అజానయినాది. నాను పరిగెట్టి గ్లాసుతో నీళ్ళు తెచ్చి, పిన్నీ ఒక్కపొద్దు ఇడువు అన్నాను. తాగలేదే. రేత్తిరి నుంచి ఉన్న మనిసి, నోరు పిడసకట్టుకుపోనాది. గ్లాసు పట్టుకునే ఉంది. కాత్తసేపటికి ఆసుపత్రి నర్సమ్మ గుడ్డలో సుట్టి పిల్లని తెచ్చినాది. ఇదిగో మామ్మా నీ మనవరాలు, పట్టుకో, అన్నాది. మీ అత్త సేతులు ఎనక్కి ఎట్టీసుకుంది."

"ఎందుకు? ఆడపిల్లనా?"

"ఒసేయ్, సెప్పనీ. 'దీన్ని తరవాత సూత్తాను. ముందు దీన్ని కన్నదాని మాట సెప్పు. నా తెలివితక్కువతనానికి అది పోతే నాను ఈ పిల్లని ముట్టుకోను' అన్నాది. తల్లి బాగుంది మామ్మా అని నర్సమ్మ రెండుసార్లు సెప్తే గానీ నమ్మలేదు. అప్పుడు కూలబడిపోయి ఏడిసింది సూడు, నా ఒళ్ళో తలెట్టుకుని. నా పండగ చీరంతా తడిసిపోనాది. ఆ తరవాతే నీళ్ళు తాగినాది."

 నాకు కోపం వచ్చింది.

"ఇన్నేళ్ళు నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

"ఒట్టేయించుకుంది గదే. 'దానికి తెలిత్తే నా నెత్తికెక్కి కూకుంతాది' అన్నాది."

అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. మా పాప లోపలి నుంచి వచ్చి, ఎందుకేడుస్తున్నావమ్మా అని అడిగింది. మీ దాదీ మీద కోపం వచ్చింది అని చెప్పాను. అబద్ధం కాదు. ఇప్పుడు వెళ్ళి ఎవరితో దెబ్బలాడను?